కూర్చోవడం రాని మనిషి

ఆయన పోయాడన్న సంగతి నాకు సూరత్‌లో, ఉధనా కూరగాయల బజారులో తెలిసింది. నేను వంకాయలు ఏరుతున్నాను. పక్కనే బెండకాయల కొసలు విరిచి చూస్తున్న మగ్గం కార్మికుడొకడు, మా కరీంనగర్ వైపు మనిషే, నన్ను పోల్చుకుని "అక్కా, మాస్టర్ పోయిండు, నీకెరుకేనా?" అన్నాడు.

ఎప్పుడని అడిగాను. మొన్న ఆదివారం పొద్దున అన్నాడు. దవాఖానాకు తీసుకుపోయేలోపే అయిపోయిందన్నాడు. ఊపిరి అందలేదట.

అలాంటి మాట వింటే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. నాకు ముందు ఒళ్లు మండింది. చేతిలో ఉన్న వంకాయను మళ్లీ కుప్పలో పడేసి, ఏమీ కొనకుండా ఇంటిదారి పట్టాను. దారంతా ఆయనతో పోట్లాడుతూనే నడిచాను. బతికుండగా కూడా మా మాటల్లో సగం పోట్లాటే కాబట్టి అది నాకు కొత్త కాదు. కాకపోతే ఈసారి అటునుంచి సమాధానం రావడం లేదు.

ఆయన పేరు రాయను. రాసినా ఆయన ఉండే భేస్తాన్‌లో ఎవరూ గుర్తుపట్టరు. అక్కడ అందరికీ ఆయన మాస్టర్. మాస్టర్ అంటే బడిపంతులు కాదు, కారఖానాలో కరెంటు మగ్గాలు మొరాయిస్తే బాగుచేసే మనిషి. నేను మాత్రం కాకా అనేదాన్ని. మా ఇళ్లలో బాబాయిని అలాగే పిలుస్తాం. గుజరాతీలకూ ఆ పిలుపు అదే కాబట్టి నేను పనిచేసే షాపులో ఎవరూ వింతగా చూడలేదు.

ఆయన్ను తలుచుకుంటే నాకు ముఖం కంటే ముందు కాళ్లు కనిపిస్తాయి. సన్నటి పిక్కలు, పైకి మడిచిన ప్యాంటు, మడమ దగ్గర అరిగిన రబ్బరు చెప్పులు. ఆ కాళ్లు ఒకచోట కుదురుగా ఉండడం నేను చూడలేదు. నిలబడ్డా సరే, బరువు ఈ కాలి మీదినుంచి ఆ కాలి మీదికి మారుతూనే ఉండేది. కుర్చీ వేస్తే దాని వెనక్కి వెళ్లి వీపు పట్టుకుని నిలబడేవాడు. చాయ్ ఇస్తే గుమ్మం దాకా నడిచి ఒక గుక్క, వెనక్కి వచ్చి ఒక గుక్క.

"కూసో కాకా, నా తల తిరుగుతున్నది" అంటే, "కూసుంటె నాకు తిరుగుతది బిడ్డా" అనేవాడు. వెటకారం కాదు, నిజంగానే చెప్పేవాడు. రెండు వరసల మగ్గాల మధ్య ఇన్నేళ్లు నడిచి నడిచి, మిగతా ప్రపంచం కూడా అలాంటి సందే అనుకునేవాడు కాబోలు.

కాళ్ల తర్వాత చేతులు. మగ్గాల చప్పుడులో నోటిమాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ సైగలతో మాట్లాడుకుంటారు. ఈయన బయట కూడా మాటకు ముందు సైగ చేసేవాడు. దారం తెగిందనడానికి రెండు వేళ్లు విడదీయడం, సేఠ్ వస్తున్నాడనడానికి పొట్ట ముందు గుండ్రంగా చెయ్యి తిప్పడం. ఆ తర్వాత మాట, అదీ నాలుగిళ్లకు వినపడే గొంతుతో. ఏ మిషన్ కనిపించినా దాని మీద అరచెయ్యి ఆనించి, తల వంచి, "దీనికి సుస్తున్నది" అనో "మంచిగున్నది" అనో తీర్పు చెప్పేవాడు. సగం సార్లు తప్పే చెప్పేవాడు. పక్క కొట్టులో పిండి గిర్నీకి సుస్తున్నది, ఇగ ఎక్కువ దినాలు నడవదు అన్నాడు. అది ఇప్పటికీ పిండి ఆడుతూనే ఉంది.

ఇక నా సంగతి. తొంభైల చివర నేను ఉధనాలో ఒక కంప్యూటర్ షాపులో రిపేరు బల్ల దగ్గర పనిచేసేదాన్ని. సూరత్‌లోనే తెలుగు మీడియం బడిలో చదివాను, ఆ తర్వాత హార్డ్‌వేర్ కోర్సు చేశాను. షాపుకు వచ్చినవాళ్లంతా నన్ను ఫోన్ ఎత్తే పిల్ల అనుకునేవాళ్లు. "భాయ్ కహాఁ హై?" అని నా వెనక గోడలో వెతికేవాళ్లు. ఆ ప్రశ్న విన్నరోజు నా నోరు మంచిది కాదు. ఇప్పుడూ కాదనుకోండి.

దీపావళికి కొద్దిరోజుల ముందు, ఒక మధ్యాహ్నం ఆయనా అదే అడిగాడు. మా బాపు చెప్తే వచ్చాడట. చంకలో గుడ్డమూటతో గుమ్మంలో నిలబడి, "బిడ్డా, గీ మిషన్లు బాగుజేసేటాయన ఏడి?" అన్నాడు.

"నేనే."

ఆయన నన్ను ఎగాదిగా చూడలేదు. "గట్లనా" అన్నాడు. మూట విప్పి బల్ల మీద పెట్టాడు. "అయితె సూడు."

ఆ ఒక్క 'గట్లనా'తో నాకు ఆయన మీద ఇష్టం పుట్టింది. అంత తేలిగ్గా నన్ను నమ్మినవాళ్లు ఆ షాపులో అప్పటిదాకా లేరు.

మూటలో ఉన్నది లాప్‌టాప్. అప్పటికే పాతది. మోస్తే చెయ్యి లాగేంత బరువు. తెర ఒక మూల మసకబారింది. సీడీ పెట్టే చోటు లేదు, ఫ్లాపీ ఒక్కటే దిక్కు. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, ప్లగ్గు గోడలో ఉన్నంతసేపే దానికి ప్రాణం. లోపల నల్లతెర మీద అక్షరాలొచ్చే పాత డాస్ ఉంది. దాని మీద విండోస్ ఎక్కించాలి. అది ఎక్కితేనే చీరల డిజైన్లు గీసే ప్రోగ్రామ్ నడుస్తుంది. విండోస్ ఫ్లాపీలు ఒక డబ్బా నిండా ఆయనే తెచ్చాడు.

"ఒకటెనుక ఒకటి పెట్టుడే అన్నరు. ఇంట్ల నేనే పెట్టి సూసిన. జరంత పోతది, మల్ల నిలవడ్తది. ఇంగ్లీషుల ఏందో రాస్తది."

"నీకెందుకు కాకా ఇది?"

నా బల్లకూ గుమ్మానికీ మధ్య తిరుగుతూ చెప్పాడు. మధ్యమధ్య దగ్గు. పొడిదగ్గు, మొదలైతే మనిషిని రెండుగా వంచేసి గానీ వదలదు. షెడ్డులో గాలి నిండా దారం నూగు. ఇన్నేళ్లుగా అదే పీల్చాడు. డాక్టరు ఛాతీ ఫోటో చూసి, "షెడ్డు నువ్వు ఇడువు, లేకుంటె నిన్నే అది మింగుతది" అని తేల్చిచెప్పాడట. షెడ్డు వదిలితే ఈయనకు వేరే పనేముంది? కారఖానాలో ఒక్కటే చోటు ఉంది. సేఠ్ కొత్తగా పెడుతున్న డిజైన్ గది. ఏసీ, అద్దం తలుపు, తిరిగే కుర్చీ. నూగన్న మాటే ఉండదు. నమ్మకమైన పాతమనిషి కదా అని సేఠ్ తన పాత లాప్‌టాప్ చేతికిచ్చి, "లాభ్ పాంచమ్ తక్ చాలూ కర్‌కే దిఖావ్" అన్నాడు. దీపావళికి మూసిన దుకాణాలు, కారఖానాలు ఆ ఊళ్లో మళ్లీ తెరిచేది లాభ్ పాంచమ్ నాడే. ఆరోజుకు మిషన్ నడిస్తే కుర్చీ ఈయనది. నడవకపోతే రాజ్‌కోట్ నుంచి సేఠ్ మేనల్లుడు తన సొంత కంప్యూటర్‌తో వచ్చి కూర్చుంటాడు.

"కుర్సీ దొర్కితె బతుకుత బిడ్డా. లేకుంటె మల్ల గా షెడ్డే" అన్నాడు. గొంతులో బతిమాలుడు లేదు. అవతల బస్సు ఉందన్న తొందర మాత్రం ఉంది.

మొదటిసారి నేనే కూర్చుని పెట్టాను. ఫ్లాపీలు గరగరలాడాయి, తెర మీద నీలిగీత మెల్లగా సాగుతోంది. ఇంతలో ఫోన్ మోగితే అటు తిరిగాను. ఇటు తిరిగేసరికి బల్ల మీద లాప్‌టాప్ లేదు. ఆయన దాన్ని రెండు చేతుల మీద పసిబిడ్డలా ఎత్తుకుని గుమ్మం వెలుతురులో నిలబడ్డాడు. వైరు గోడలోంచి ఊడి వెనకాల నేల మీద పాకుతోంది. తెర నల్లగా ఉంది.

"గీత కనవడ్తలేదు బిడ్డా, వెల్తురుల సూద్దమని."

"కాకా, దాని పానం గోడల ఉన్నది. నీ చేతిల కాదు."

"గట్లనా" అన్నాడు. అంత నెమ్మదిగా అన్నాక ఇంకేం తిడతాను?

రెండోసారి ఆయన్ను చాయ్ బండి దగ్గరికి పంపి మొదలుపెట్టాను. రెండు ఫ్లాపీలు సాఫీగా పోయాయి. మూడోది పెట్టగానే గర్రుమని రుద్దుకుని, చదవలేకపోతున్నాను అంది. తీసి పెట్టాను. అదే మాట. మర్నాడు మళ్లీ మొదటినుంచి పెడితే రెండో ఫ్లాపీ దగ్గరే ఆగింది. హార్డ్‌డిస్క్ మీద అనుమానపడి పరీక్ష నడిపాను, బాగానే ఉంది. వైరస్ అనుకున్నాను, లేదు. మెమరీ విప్పి తుడిచి పెట్టాను. నా పక్కన ఆయన అటూ ఇటూ నడుస్తుంటే నా ఆలోచనలు కూడా ఆ చెప్పుల చప్పుడుతో పాటే అటొకటి ఇటొకటి పోయేవి. "జర నిలవడు కాకా" అని అరిచేదాన్ని. నిలబడేవాడు, బరువు మాత్రం కాళ్ల మీద మారుతూ.

సేఠ్ ఇచ్చిన ఫ్లాపీలే పాడయ్యాయని తీర్మానించుకున్నాను. మా షాపు కంప్యూటర్‌లో ఉన్న కాపీ నుంచి కొత్త ఫ్లాపీల మీద మళ్లీ అన్నీ ఎక్కించి, కొత్త డబ్బాలో సర్దాను. అంతలో కరెంటు పోయింది. రేపు చూద్దాం అంటే ఆయన డబ్బా తీసి చంకన పెట్టుకున్నాడు. "ఈడ ఉంటె ఏదన్న దాంట్ల కలుస్తది. ఇంట్ల పైలంగ పెడ్త" అన్నాడు. తీసుకుపోనిచ్చాను.

మర్నాడు ఆ కొత్త ఫ్లాపీల్లో మొదటిదే చదవలేదు.

నాకు పిచ్చెక్కినంత పనైంది. నిన్న నా చేతులతో చేసిన ఫ్లాపీలు. దీపావళి నెత్తి మీదికొచ్చింది. మా షాపు యజమాని సెలవులకు ఊరు ప్రయాణం కడుతున్నాడు. ఈయనకు మాత్రం నా మీద నమ్మకం పెరుగుతోందే తప్ప తగ్గడం లేదు. ఏ రోజుకా రోజు సరిగ్గా అదే సమయానికి గుమ్మంలో ప్రత్యక్షం.

ఫ్లాపీ పెట్టే చోట చదివే ముక్క మురికి పట్టిందేమోనని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచాను. దూది ఎర్రగా వచ్చింది. మళ్లీ తుడిచాను. మళ్లీ ఎరుపు, అంచున కాస్త పసుపు. సూరత్‌లో ఎర్రమరక కనబడితే ఎవరికైనా ముందు తోచేది ఒక్కటే. తంబాకు కలిపిన మావా.

"కాకా, మావా తిని దీని మీద తుమ్మినవా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "నేను మావా ముట్ట. బీడీ గూడ ఇడ్సిపెట్టిన. గిట్లనా బిడ్డా నన్ను అనుకున్నది?"

"మరి గీ ఎర్రగేంది?"

ఆయన దూది వైపు వంగి చూశాడు. చూసి, నిశ్చింతగా నిటారుగా నిలబడ్డాడు.

"కుంకుమ" అన్నాడు.

నేను డబ్బాలోంచి ఒక ఫ్లాపీ తీశాను. ఫ్లాపీకి ఒక పక్క చిన్న ఇనుప రేకు ఉంటుంది, స్ప్రింగుతో మూసుకుని. అది జరిపితేనే లోపలి నల్లటి పొర కనిపిస్తుంది. దాన్ని వేలితో కూడా ముట్టుకోకూడదు. రేకు జరిపాను. ఆ పొర మీద గుండ్రంగా, దిద్దినట్టు, పసుపు పెట్టి దాని మధ్యలో కుంకుమబొట్టు. ఇంకోటి తీశాను, బొట్టు. ఇంకోటి, బొట్టు. డబ్బా డబ్బా అంతా ముత్తైదువులే.

మొదటి డబ్బాలోవీ చూశాను. ముందున్న రెండింటి మీద బొట్టు చిన్నది, అంచున పడింది. మూడోదాని నుంచి ఆయనకు చెయ్యి తిరిగింది.

"ఎందుకు కాకా?" అన్నాను.

"కొత్త పనిముట్టు గద. బొట్టు వెట్టకుంట ఎట్ల మొదలువెడ్తం?"

"పెడితే పైన పెట్టొచ్చు గద."

"పైనది మూత బిడ్డా. మగ్గానికి బొట్టు మూతకు వెడ్తమా? నడిచేదానికి వెడ్తం, నాడెకు వెడ్తం." నాడె మగ్గంలో దారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే పడవలాంటి కర్రముక్క. "దీంట్ల నడిచేది ఏదని సూసిన. రేకు జరిపితె లోపట తిరిగేది కనవడ్డది. గది దీని నాడె అనుకున్న."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఏడుస్తాననుకున్నాను, నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. ఆయన కాసేపు చూసి, తనూ మొహమాటంగా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగి, గోడ పట్టుకుని వంగిపోయాడు. నా నవ్వు అక్కడితో ఆగింది.

షాపు మూసే రోజు యజమాని దగ్గర తాళంచెవి అడిగి పుచ్చుకున్నాను. మూడోసారి ఫ్లాపీలు చేశాను. వాటిని నా సంచిలోనే పెట్టుకున్నాను, ఆయన్ను ముట్టనివ్వలేదు. దీపావళి వెళ్లిన మర్నాటి పొద్దున షాపు తెరిచేసరికి ఆయన మెట్ల కింద తిరుగుతున్నాడు. ఈసారి వెంట భార్య కూడా ఉంది. పొట్టి మనిషి, కళ్లకింద నల్లటి గుంటలు, చేతిలో చిన్న కుంకుమభరిణె.

"ఈయనకు మనుసున వట్టలేదు బిడ్డా" అంది ఆమె. "బొట్టు లేకుంట మొదలువెడితె పని సాగదని రాత్రి నుంచి ఒక్కటే గొనుగుడు."

"అవ్వా, దాని దగ్గర కుంకుమ పేరెత్తినా నేను ఊరుకోను."

ఆమె ఆ మాటకు బెదరలేదు. మొగుణ్ణి చూసింది, లాప్‌టాప్‌ను చూసింది. "నడిపేదానికే గద బొట్టు వెట్టాలె" అంది ఆయనతో. "నడిపేది ఈ పిల్లనాయె." భరిణె మూత తీసి, నా గడ్డం పట్టుకుని, నా నుదుట ఇంత బొట్టు పెట్టింది. ఆయన ఒక్కక్షణం ఆలోచించి, సరేనన్నట్టు తల ఊపాడు.

అప్పుడు నాతో మెల్లగా అంది. "సక్కగ పండుకోక ఎన్నేండ్లాయెనో బిడ్డా. నడిరాత్రి దగ్గు మొదలైతది, ఎగవోస్తడు. నేను లేసి కూసుండి వీపు రాస్త. మల్ల షెడ్డుకు పోతె ఎన్ని దినాలు బతుకుతడో తెల్వది. గా కుర్సీ ఇప్పియ్యి."

ఇప్పించడం నా చేతిలో ఉందా? ఉందన్నట్టే తల ఊపాను.

దీపావళి సెలవుల్లో సూరత్ ఎలా ఉంటుందో అక్కడ బతికినవాళ్లకే తెలుసు. ఏడాది పొడుగునా ఊరి అడుగున ఆగకుండా వినబడే మగ్గాల మోత ఒక్కసారిగా ఆగిపోతుంది. నాకు ఆ నిశ్శబ్దం పండగ. ఆయనకు అది ఒంట్లో బాగాలేనట్టు ఉండేది. "చెవులల్ల గుయ్యిమంటున్నది" అని తల విదిలించేవాడు. ఆయన్ను రైల్వే గేటు దాకా నడిచి రమ్మని తరిమేశాను. వస్తాడు, గుమ్మంలోంచి తొంగిచూస్తాడు, మళ్లీ పంపుతాను. ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చుని, నేను అడగకముందే తర్వాతి ఫ్లాపీ అందించింది, అంచులు మాత్రమే పట్టుకుని.

మధ్యాహ్నానికి విండోస్ ఎక్కింది. డిజైన్ ప్రోగ్రామ్ కూడా ఎక్కింది. తెర మీద గళ్లగళ్ల కాగితంలా కనబడేసరికి నేనే ఆయన్ను కేకేశాను. ఉరికి వచ్చాడు. లాప్‌టాప్ మీద అరచెయ్యి పెట్టి తల వంచాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు.

"సప్పుడు లేదేంది?" అన్నాడు. "పని జేస్తున్నట్టె లేదు."

"చేస్తున్నది కాకా. ఇది గిట్లనే చేస్తది."

"గట్లనా" అన్నాడు, ఈసారి అంత నమ్మకంగా కాదు.

లాభ్ పాంచమ్ నాడు ఆయన దాన్ని సేఠ్ బల్ల మీద పెట్టి చాలూ చేశాడు. నేను నేర్పినట్టే ఒక మామిడిపిందె గీసి చూపించాడట. కుర్చీ దొరికింది. ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో షాపుకు వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే అటూ ఇటూ తిరిగి, నాకిచ్చి వెళ్లిపోయాడు. నేనొక మనిషిని బతికించానని అనుకున్నాను. ఆ గర్వంతో చాలారోజులు గడిపాను, ఎవరేమనుకున్నా సరే.

హోలీ వెళ్లాక సేఠ్ పిలిపిస్తే ప్రింటరు పెట్టడానికి కారఖానాకు వెళ్లాను. అద్దం తలుపు తీస్తే లోపల తిరిగే కుర్చీలో ఎవడో నున్నటి జుట్టు కుర్రాడు. రాజ్‌కోట్ మేనల్లుడు. మాస్టర్ ఎక్కడని అడిగితే షెడ్డు వైపు గడ్డం చూపించాడు.

ప్రింటరు అక్కడే వదిలేసి షెడ్డులోకి పోయాను. మోతకు చెవులు పగిలిపోతున్నాయి, గాలిలో తెల్లటి నూగు. ఆయన ఒక మగ్గం మీదికి వంగి ఉన్నాడు. జుట్టు, కనుబొమలు తెల్లగా నూగుపట్టి ఉన్నాయి. నన్ను చూసి ముఖం విప్పారింది. చెయ్యి పట్టి బయట నీళ్ల డ్రమ్ము దగ్గరికి లాక్కొచ్చాను.

"నీకు బుద్ధున్నదా కాకా? కుర్సీ ఎందుకిడిచినవ్?"

ముందు దగ్గాడు. నీళ్లు పుక్కిలించి ఊశాడు.

"అద్దం తలుపు కాడికొచ్చి నిలవడ్తరు బిడ్డా. పిలువరు. మగ్గం ఆగినోడు ఒచ్చి నిలవడి నన్నే సూస్తడు. మీటరు లెక్కన కూలాయె. ఆగినంతసేపు ఆనికి గడవదు."

"కొత్త మాస్టర్ లేడా?"

"ఉన్నడు. ఆనికి ఇంక చెయ్యి కుదర్లె."

"కుదిరేదాక ఆగరాదా? నీ పానం మీద నీకు ఫికర్ లేదా? అవ్వ సంగతేంది?"

దానికి ఆయన నోటితో చెప్పలేదు. చేత్తో ఏదో సైగ చేశాడు, అరచెయ్యి తిప్పి వదిలేసినట్టు. ఆ సైగ నాకు తెలియదు. లోపల ఎవరో ఈల వేశారు. వెళ్లిపోయాడు.

ఎవడో నిలబడి చూస్తే లేచిపోతాడా? ఇంట్లో ఒకావిడ ఇన్నేళ్లుగా కూర్చుని చూస్తోంది కదా, ఆమె కనపడలేదా? ఆ తర్వాత ఆయన దారిలో ఎదురైనప్పుడల్లా పలకరించాను, చాయ్ తాగించాను, కానీ ఆ మాట ఎత్తితే ఇద్దరికీ గొడవే. ఆయన దగ్గు ఒక్కోసారికి ఇంకాస్త ఎక్కువగా వినబడేది. మళ్లీ దీపావళి రాకముందే పోయాడు.

బజారు నుంచి వచ్చిన మర్నాడు భేస్తాన్ వెళ్లాను. ఒకే గది ఇల్లు. గోడకు చాప చుట్టి నిలబెట్టి ఉంది. కారఖానా మనుషులు కొందరు బయట అరుగు మీద కూర్చున్నారు. ఆమె లోపల నేల మీద ఉంది. నేను పోయి పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకుంది. కొంచెంసేపు ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కానీ నాలో కోపం ఆగలేదు. నా గుణం నాకు తెలుసు, ఎక్కడ ఏది అనకూడదో అక్కడే అంటాను.

"ఆయన ఎన్నడన్న నీ గురించి ఆలోచన చేసిండా అవ్వా?" అన్నాను. "అంత కష్టపడి కుర్సీ తెచ్చుకున్నడు. గా మగ్గాలోళ్ల కోసం ఇడ్సిపెట్టి పోయిండు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. బయటివాళ్లకు వినపడకుండా నా వైపు వంగింది.

"ఆయన పోలె బిడ్డా. నేనే పొమ్మన్న."

నాకు అర్థం కాలేదు.

"కుర్సీల కూసున్నన్ని దినాలు దగ్గు తగ్గింది. రాత్రిళ్లు దగ్గలే. నేను కమ్మగ పండుకున్న. గాని ఇంటికొచ్చి గోడ మొకాన కూసునేటోడు. గట్లనే కూసునేటోడు బిడ్డా, ఈయన. మాట లేదు. బువ్వ వెడితె తింటడు, వెట్టకుంటె అడగడు. చేతులతోని సైగలు గూడ బందువెట్టిండు. ఏమాయెనయ్యా అంటె ఏం లేదంటడు. దగ్గు బోయింది, దానెంట మనిషి గూడ బోయిండు. ఓపినన్ని దినాలు ఓపిన. ఇగ ఒకనాడు అన్నం కాడ నేనే అన్న. పోవయ్యా, నీ షెడ్డుకు నువ్వు పో అని. అద్దం కాడ గాళ్లు నిలవడుడు నిజమే. గాని గాళ్లు నిలవడ్డా నేను వద్దంటె పోకపోతుండె. నా మాట కోసమే సూసిండు. అన్ననో లేదో, అన్నం సగంల లేసిండు."

అరుగు మీదివాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమె నా చెయ్యి వదల్లేదు.

"నేను పొమ్మనకుంటె ఇంకిన్ని దినాలు బతుకుతుండెనేమో. తప్పు జేసిన్నా బిడ్డా?"

లేదవ్వా అన్నాను. ఆమె మాట పూర్తయ్యీ కాకముందే అన్నాను. అది నిజమో అబద్ధమో నాకు ఈనాటికీ తెలియదు.